కాగితాలు కలిస్తేనే అమ్మీకి అమెరికా

అమెరికా వలస చట్టంలో తల్లిదండ్రులకు వెయిటింగ్ లిస్టు లేదు. కొడుకో కూతురో ఆ దేశ పౌరసత్వం తీసుకుని, 21 ఏళ్లు నిండి ఉంటే చాలు, అమ్మానాన్నలకు ఏటా ఇన్ని వీసాలేనన్న లెక్క వర్తించదు. అన్నదమ్ముల కోటాలో మనవాళ్లు రెండు దశాబ్దాలకు దగ్గరగా ఎదురుచూస్తుంటే, ‘ఐఆర్-5’ అనే ఈ తరగతికి ఆ బాధ లేదు. అయినా షికాగోలో కొడుకున్న హైదరాబాద్ యాకుత్‌పురా తల్లి, హ్యూస్టన్‌లో కూతురున్న షాలిబండ తండ్రి ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎందుకు?

పిల్లలు ముందుగా ఐ-130 దరఖాస్తు దాఖలు చేయాలి. అమ్మకొకటి, నాన్నకొకటి. అది ఆమోదం పొందేసరికి ఏడాది దాటడం మామూలైపోయింది. తర్వాత ఫైలు న్యూహ్యాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. ఫీజులు, డీఎస్-260 ఫారం, మేం పోషించుకుంటామని పిల్లలిచ్చే ఐ-864 హామీ, సర్టిఫికెట్లు అన్నీ సరిపోయాయని ఆ సెంటర్ వాళ్లు ఒప్పుకున్నాకే ఇంటర్వ్యూ తేదీ. నానక్‌రామ్‌గూడలో 2023లో కొత్త కాన్సులేట్ తెరిచినా ఈ ఇంటర్వ్యూలు అక్కడ జరగవు. మోకాళ్ల నొప్పులున్నా మరో నగరానికి వెళ్లాల్సిందే.

పాతబస్తీలో అసలు చిక్కు కాగితాల దగ్గరే మొదలవుతుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన ఆడపిల్లకు బర్త్ సర్టిఫికెట్ ఎక్కడిది? బడికే వెళ్లకపోతే పదో తరగతి మెమో కూడా ఉండదు. రికార్డు లేదని మున్సిపాలిటీ నుంచి రాయించుకోవాలి, పుట్టుక తెలిసిన పెద్దలతో అఫిడవిట్లు ఇప్పించుకోవాలి. ఆ తర్వాత పేర్ల గొడవ. తండ్రి పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’, కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో ‘ఎండీ’. తల్లి ఒకచోట ‘బేగం’, మరోచోట ‘బీ’. నాన్నను పిలిపించుకోవాలంటే అమ్మానాన్నల పెళ్లి రుజువూ కావాలి. ఉర్దూ నికాహ్‌నామా పట్టుకుని నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డుకు వెళ్లాలి, ఇంగ్లిష్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. జీవితమంతా గల్ఫ్‌లో కష్టపడి వచ్చిన తండ్రికి ఇంకో మెలిక: పదహారేళ్లు దాటాక ఏడాదో ఆపైనో ఉన్న దేశం నుంచి పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. ఎప్పుడో వదిలేసి వచ్చిన దేశం, ఎప్పుడో గడువు తీరిన ఇఖామా (నివాస అనుమతి)!

ఏ కాగితమూ బంధుత్వాన్ని గట్టిగా చెప్పలేకపోతే డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోమంటారు. కన్న తల్లినని డెబ్బయ్యో ఏట రుజువు చేసుకోవడం ఎంత కష్టంగా ఉంటుందో నిబంధన రాసినవాళ్లు ఆలోచించి ఉండరు. వైద్యపరీక్షలో ఊపిరితిత్తుల మీద పాత క్షయ మచ్చలాంటిది కనబడితే కళ్లె పరీక్ష తప్పదు. కల్చర్ ఫలితానికి 8 వారాల దాకా పడుతుంది. అన్నీ దాటాక వీసాను ఆపి ఉంచే 221(జి) చీటీ చేతికి వస్తే, ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట తప్ప గడువంటూ ఉండదు.

కొవిడ్ కాలం సంగతి మరీ అన్యాయం. 2020 ఏప్రిల్‌లో ట్రంప్ కొత్త వలసలను ఆపేసినప్పుడు అమెరికా పౌరుల భార్యాభర్తలకు, చిన్నపిల్లలకు మినహాయింపు ఇచ్చారు. తల్లిదండ్రులకు ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో బైడెన్ దాన్ని ఎత్తేసేదాకా ఆ తలుపు మూసే ఉంది. పోనీ, ఈలోగా చూసి వద్దామన్నా, వలస దరఖాస్తు నడుస్తున్నవాళ్లు తిరిగి వస్తారన్న నమ్మకం కుదరక విజిటర్ వీసా నిరాకరించే ప్రమాదం ఉంది. కాన్పు వేళకు అమ్మ పక్కన ఉండాలన్న కూతురి కోరిక అలా తీరకుండానే పోతుంది.

అమెరికా దఫ్తర్ల జాప్యాన్ని మనం తగ్గించలేం. కానీ ఇక్కడి సగం తిప్పలు ఇక్కడే తీర్చవచ్చు. జీహెచ్‌ఎంసీ, వక్ఫ్ బోర్డు, మీసేవ కలిసి చార్మినార్ దగ్గర వృద్ధుల కోసం ఒక్క కౌంటర్ తెరిస్తే ఎంత మేలు! పిల్లలు కూడా పౌరసత్వం వచ్చేదాకా ఆగకుండా గ్రీన్ కార్డు చేతికి రాగానే కాగితాలు సరిచేయడం మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముందు అఫిడవిట్లు. అమ్మీ పుట్టిన సంగతి తెలిసిన ఖాలా, మామూ ఉండగానే రాయించుకోవాలి.