గాలికి పోయే రాగం

మొన్న శ్రీరామనవమి పందిట్లో, మా సత్యనారాయణపురంలో, మా మేనల్లుడు గిటారు పట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. పక్కవాద్యాలు లేవు. కాలి దగ్గర అరచేతంత పెట్టె మాత్రం ఉంది. ముందు గిటారు చెక్కమీద దరువు వేసి, కాలితో ఆ పెట్టె నొక్కాడు. ఇక ఆ దరువు దానంతటదే తిరగసాగింది. దానిమీద శ్రుతి, శ్రుతిమీద చిన్న సంగతి పొరలుగా పేర్చి, చివరికి మోహనరాగం ఎత్తుకున్నాడు. దీనిని లూపింగు అంటారట.

"బుర్రకథలో వంతలు చేసే పని ఇదే కదరా!" అన్నాను.

"వంతలకు భోజనం పెట్టాలి మామయ్యా, దీనికి అక్కర్లేదు" అని నవ్వాడు.

నిజంగా బాగా వాయించాడు. దాచావా అని అడిగితే, "ఎప్పుడో తుడిచేశాను. రేపటిది రేపు వస్తుంది" అన్నాడు. ఆ ధీమా చూసి ముచ్చటా వేసింది, దిగులూ కలిగింది.

కీర్తనకు పాఠం ఉంది. ఆలాపనకూ, కల్పనస్వరానికీ లేదు. త్యాగరాజస్వామి కీర్తనలు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారికీ, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికీ, పంతులుగారి నుంచి మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికీ నోటినుంచి చెవికి నడిచివచ్చాయి. కాని ఆ పెద్దలు ఫలానా రాత్రి ఫలానా ఊళ్లో చేసిన ఆలాపన ఏదీ? విన్నవారితోనే వెళ్లిపోయింది.

యంత్రం వచ్చాక మాత్రం చిక్కులు లేవా? 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడింది. ఆ ప్లేటు ఒక పక్క మోగేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు విహరించవలసిన రాగం చెంబులో గోదావరి అయింది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలై కచేరీలను ఇంటింటికీ చేర్చింది. తరువాత క్యాసెట్టు వచ్చాక ప్రతి రసికుడూ ఓ రికార్డింగు ఇంజనీరే. అయితే రాగం పాకాన పడేసరికి క్యాసెట్టు అయిపోయేది. తిరగేసేలోపల నాలుగు మంచి సంగతులు ఎగిరిపోయేవి!

ఇంకో చిక్కు కూడా ఉంది. మా వీధిలో ఒక అమ్మాయి కల్పనస్వరం పాడింది. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. రికార్డులో ఉన్నదంతా దించేసింది, విద్వాంసుడి దగ్గు ఒక్కటే తక్కువ. మనోధర్మాన్ని కంఠతా పడితే అది ఎవరి మనసు? ఎవరి ధర్మం?

అందుచేత దాచడం మానేద్దామా? ఆ రాత్రి మా తాతగారి ట్రంకుపెట్టె అటకమీదనుంచి దింపించాను. కృష్ణ ఒడ్డు చెమ్మకు సగం క్యాసెట్లు బూజుపట్టాయి. మిగిలినవాటిలో ఒకదానిలో తోడిరాగం. పాట వెనుక ఫిడేలు ఎంత ఒదిగి, ఎంత గడుసుగా నడిచిందో! ఎవరిదా చెయ్యి? అట్టమీద "మనింట్లో కచేరీ" అని ఉంది తప్ప పేరు లేదు. చెప్పగల మా అమ్మమ్మ పోయి మూడేళ్లయింది. రాగం మిగిలింది, మనిషి పోయాడు.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి పెట్టె ఉండే ఉంటుంది. పెద్దవాళ్లు ఉండగానే వారిచేత వినిపించి, పాడిందెవరో, వాయించిందెవరో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాసి పెట్టండి. బూజు పట్టినవాటిని ఇంట్లో తిప్పి చూడకండి, పని తెలిసినవారికి ఇచ్చి కంప్యూటరులోకి ఎక్కించుకోండి. పిల్లలకు వినిపించండి. విన్నాక ఆపేసి, "ఇప్పుడు నీది పాడు" అనండి.

మా మేనల్లుడు ఆ తోడి రెండుసార్లు విన్నాడు. మూడోసారి వినలేదు. గిటారు తీసుకుని తన దారిన తాను వాయించాడు. ఆ ఫిడేలు చెయ్యి ఎక్కడో ఒకచోట తొంగిచూసింది.

గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకునేదట, ప్లేటు తయారుచేసేవారికి ఎవరి పాటో తెలియడానికి. నేను సెల్‌ఫోను పట్టుకుని మావాడి వాయిద్యం రికార్డు చేశాను. చివర వాడి పేరు, ఊరు, తేదీ నా గొంతుతో చెప్పాను.