బ్లాక్ బెల్ట్ సరే.. మీ గురువు గారి గురువు ఎవరు?

రెజ్యూమె చివర్లో ‘హాబీస్’ అన్నచోట మీరేం రాశారు? క్రికెట్, మ్యూజిక్.. అంతేనా? నేను మాత్రం గొప్పగా ‘షావోలిన్ కుంగ్‌ఫూ, బ్లాక్ బెల్ట్’ అని రాశా. బీటెక్ ఫైనలియర్‌లో ఒక ఇంటర్వ్యూలో ప్యానెల్లోని పెద్దాయన దాన్నే పట్టుకున్నారు. ‘‘షావోలిన్‌లో బెల్టులెక్కడివి బాబూ? అసలు ఆ విద్య ఎవరు మొదలుపెట్టారు?’’ బోధిధర్ముడు అన్నాను. ‘‘ఎలా తెలుసు?’’ అన్నారు. సూర్య సినిమా ‘సెవెన్త్ సెన్స్’లో చూశానని చెప్పలేక నీళ్లు నమిలాను. ఉద్యోగం రాలేదు. కారణం అదొక్కటేనని అనను గానీ, ఆ రోజు జన్వాడ బస్సెక్కేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి.

మా ఊళ్లో ఆదివారాలు నాకు కుంగ్‌ఫూ నేర్పిన మాస్టారు మంచి మనిషి. ఆయన చెప్పిన కథే నేను చెప్పాను. ఆయనకు వాళ్ల మాస్టారు చెప్పారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, కోడ్ అందరి దగ్గరా ఉంది, మొదట రాసిందెవరో ఎవరూ చూడలేదు. అందుకే నేనే వెనక్కి తవ్వడం మొదలుపెట్టా.

బెల్టు సంగతి తేలిగ్గానే తేలింది. అది జపాన్‌ది. జూడో స్థాపకుడు జిగొరో కానో 1880ల్లో తన శిష్యుల స్థాయికి గుర్తుగా నల్ల పట్టీ పెట్టారు. తర్వాత కరాటే దాన్ని తీసుకుంది. చైనా పాత శైలుల్లో ఆ పద్ధతి లేదు. ఇప్పటి కుంగ్‌ఫూ స్కూళ్లు కడుతున్నది అరువు బెల్టే.

బోధిధర్ముడి దగ్గర మాత్రం చాలా రాత్రుళ్లు గడిచాయి. ఆయన పేరు కనిపించే అతి పాత రాతల్లో ఒకటి 547 నాటి లోయాంగ్ ఆలయాల వర్ణన. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన సన్యాసి! దక్షిణ భారతం వాడని చెప్పే పాత రాత కూడా ఉంది. రెంటిలోనూ ఆయన ఎవరికీ ఒక్క గుద్దూ నేర్పలేదు. 621లో లీ షిమిన్ అనే యువరాజుకు యుద్ధంలో సాయం చేసిన షావోలిన్ సన్యాసుల గురించి చెప్పే 728 నాటి శిలాశాసనం ఆ గుడిలోనే ఉంది. కుంగ్‌ఫూను బోధిధర్ముడు నేర్పాడని అందులోనూ లేదు.

మరి ఈ కథ ఎక్కడ పుట్టింది? ‘యిజిన్‌జింగ్’ అనే వ్యాయామ గ్రంథంలో. బోధిధర్ముడు దాన్ని షావోలిన్‌లో వదిలి వెళ్లాడని ముందుమాట చెబుతుంది. ఆ ముందుమాట రాసింది లీ జింగ్ అనే సేనాపతి అట, తేదీ 628 అట. తమాషా ఏంటంటే, ఆ పుస్తకం తన దాకా వచ్చిన దారిలో ఆయన చెప్పిన వ్యక్తి తర్వాతి కాలంలో పుట్టిన ఓ కథలోని పాత్ర! గిరీశం చేతుల మీదుగా ఈ పుస్తకం నాకందింది అని శ్రీకృష్ణదేవరాయలు రాసినట్టన్నమాట. నిజానికి గ్రంథం 17వ శతాబ్దపు తొలినాళ్లది. చింగ్ వంశకాలపు పండితుడు లింగ్ టింగ్‌కాన్ అప్పట్లోనే ఈ మోసాన్ని పట్టుకుని నవ్వాడు. 1930ల్లో తాంగ్ హావో అనే పరిశోధకుడు మళ్లీ తేల్చి చెప్పాడు. అయినా కథ ఆగలేదు, మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది.

ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. 16, 17 శతాబ్దాల్లో షావోలిన్‌కు పేరు తెచ్చింది పిడిగుద్దులు కాదు, కర్ర. 17వ శతాబ్దం మొదట్లో చెంగ్ జోంగ్‌యౌ అనే ఆయన షావోలిన్ కర్ర విద్య మీద పుస్తకమే రాశాడు. సినిమాలో ఎగిరి తన్నే సన్యాసి కంటే మన ఊళ్లల్లో కర్రసాము చేసే తాతే వాళ్లకు దగ్గర!

తాయ్‌చీ కథా ఇలాంటిదే. జాంగ్ శాన్‌ఫెంగ్ అనే సిద్ధుడు కనిపెట్టాడంటారు. తాంగ్ హావో చెన్‌జియాగౌ అనే పల్లెకు వెళ్లి వెతికితే 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్ దగ్గర ఆధారాలు ఆగాయి. ఆ పల్లెలో నేర్చుకున్న యాంగ్ లూచాన్ 19వ శతాబ్దంలో దాన్ని బీజింగ్‌కు తీసుకెళ్లాడు. బ్రూస్‌లీ వైపు చూస్తే ఆయన గురువు ఇప్ మాన్, ఆయన గురువు చాన్ వా-షున్, ఆయనకు ఫోషాన్ వైద్యుడు లియాంగ్ జాన్. అక్కడిదాకా మనుషుల పేర్లు గట్టిగా నిలుస్తాయి. ఆ పైన ఉండే సన్యాసిని ఎన్జీ ముయి కథను మాత్రం కథగానే తీసుకోండి.

మరి రెజ్యూమెలో ఏం రాయాలి? నేర్చుకున్న ఏళ్లు, ఊరు, మాస్టారి పేరు రాయండి. ‘1500 ఏళ్ల పరంపర’ వద్దు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ ఉంటే క్లబ్ ఇచ్చిన బెల్టు సర్టిఫికెట్‌ను నమ్ముకోకండి. నోటిఫికేషన్‌లో మీ ఆట పేరుందా, ఏ స్థాయి పోటీ సర్టిఫికెట్ అడిగారు అన్నది ముందు చదవండి. చైనా విద్యల్లో పోటీ క్రీడగా రూపం తీసుకున్నది వుషు. 1990 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది. అందులో తావులు, సాండా అని రెండు విభాగాలు. మొదటిది విన్యాసాలు, రెండోది తలపడటం.

నా రెజ్యూమెలో ఇప్పుడున్న లైను ఇది: ‘కుంగ్‌ఫూ, నాలుగేళ్లు, జన్వాడ.’ తర్వాతి ఇంటర్వ్యూలో దాని మీదే పది నిమిషాలు మాట్లాడించారు.