విదేశములందు నర్సు ఉద్యోగము: పరీక్షలు, పత్రములు, ఖర్చులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవుట మన సభ్యులకు క్రొత్త సంగతి కాదు. బావి యెండిన యేడో, మగ్గము నిలిచిన యేడో దుబాయికిగాని మస్కటునకుగాని పోయిన కొడుకు లేని వాడ ఈ తావుల అరుదు. అట్లు పోయినవారిలో పెక్కుమంది కట్టడపు పనులకు పోయినవారే. ఇప్పుడు వేరొక దారి యేర్పడుచున్నది. రైతుల బిడ్డలును, బీడీలు చుట్టు తల్లుల బిడ్డలును నర్సు చదువు చదువుచున్నారు. 2021లో సిరిసిల్లయందు ప్రభుత్వ నర్సింగు కళాశాల భవనము ప్రారంభింపబడినది. 2022లో జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరువబడినవి. చదువు ముగియగానే "పరీక్ష సంగతి మేమే చూచుకొందుము, ఇన్ని లక్షలు తెండు" అని యింటికి వచ్చువారికిని కొదువ లేదు. పొలము కుదువబెట్టుటకు ముందు ఆ పరీక్షలెట్టివో, వాని కెంత యగునో తండ్రులకు తెలిసియుండవలయును.

మొదట చదువు మాట. ఏ.ఎన్.ఎం. రెండేండ్లు, జీ.ఎన్.ఎం. మూడేండ్లు, బీ.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు. విదేశములలో రిజిస్టర్డు నర్సుగా పరీక్షకు కూర్చుండుటకు ఏ.ఎన్.ఎం. చాలదు. ఈ ఒక్క మాట తెలియక మోసపోవుటకు వీలున్నది గావున ముందుగా చెప్పుచున్నాము. జీ.ఎన్.ఎం. గాని బీ.ఎస్సీ. గాని ముగించిన పిమ్మట రాష్ట్ర నర్సుల కౌన్సిలులో పేరు నమోదు చేసికొనవలెను. ఆ నమోదు లేనిదే యే దేశపు దరఖాస్తును ముందుకు సాగదు. 2014కు పూర్వము ఆంధ్రప్రదేశ్ కౌన్సిలులో నమోదైనవారు తమ పేరిప్పుడు ఏ కౌన్సిలు పట్టికలో నున్నదో విచారించుకొనుట మంచిది.

ఇక పత్రములు. పరీక్షకంటె వీనియొద్దనే యెక్కువమంది చిక్కుపడుదురు. గల్ఫు దేశములలో పెక్కింటికి డేటాఫ్లో అను సంస్థ ద్వారా పత్రములు పరిశీలింపబడును. అనగా మనమిచ్చిన నకలును చూచి సరిపెట్టుకొనక, ఆ సంస్థవారు కళాశాలకు, కౌన్సిలునకు, పని చేసిన ఆసుపత్రికి తామే వ్రాసి, "ఈ పత్రము మీరిచ్చినదేనా" యని యడుగుదురు. ఆ కళాశాలగాని ఆసుపత్రిగాని బదులీయకున్న దరఖాస్తు నిలిచిపోవును. పని చేసిన చిన్న నర్సింగు హోము మూతపడియున్నచో చిక్కు మరింత పెరుగును. కాబట్టి ఉద్యోగము వదలునాడే, తేదీలు, హోదా, సంతకము, ముద్ర సరిగా నున్న అనుభవ పత్రమును తీసికొని యింట భద్రపరచవలెను. జీతము బ్యాంకు ఖాతాలో పడిన లెక్కయు దాచియుంచినచో మేలు. ఏజెంటు తెచ్చియిచ్చు దొంగ అనుభవ పత్రము బయటపడినచో ఆ పిల్లకు ఆ దేశపు తలుపులు మూసికొనిపోవచ్చును. తెచ్చియిచ్చినవానికి మాత్రము నష్టమేమియు లేదు.

పేరు విషయము మన తెలుగువారికి ప్రత్యేకపు పీడ. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరముగా నుండును. పాస్‌పోర్టులో అది పూర్తిగా వ్రాయబడి వేరొక గడిలో పడును. పెండ్లియైన తరువాత ఆధారు కార్డులో అత్తవారింటి పేరు చేరును. మూడు పత్రములలో మూడు పేర్లు చూచిన విదేశపు గుమాస్తా ముగ్గురు మనుష్యులని తలచిన అతని తప్పేమి? పాస్‌పోర్టు తీయునాడే మెమోలోని పేరుతోను, పుట్టిన తేదీతోను సరిచూచుకొన్నచో తరువాత నెలల తరబడి తిరుగుట తప్పును.

గల్ఫు పరీక్షలు దేశమున కొకటి. సౌదీ అరేబియాలో ఆరోగ్య వృత్తుల కమిషను గలదు. ఎమిరేట్లలో దుబాయి ఆరోగ్య సంస్థ, అబుధాబి ఆరోగ్య శాఖ, అచ్చటి ఆరోగ్య మంత్రిత్వ శాఖ అని మూడు అధికార సంస్థలు గలవు. వీనిలో పెక్కు ప్రోమెట్రిక్ అను కంపెనీ కేంద్రములలో కంప్యూటరుపై వ్రాయు పరీక్షలు గనుక మనవారు వానిని ప్రోమెట్రిక్ పరీక్ష యనియే పిలుతురు. ప్రశ్నలు ఇంగ్లీషులో నుండును. ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తింపవలెను. హైదరాబాదులోనే వ్రాయవచ్చును. పరీక్షను తనకు మారుగా ఇంకొకరిచేత వ్రాయించుట నేరము.

బ్రిటనులో నర్సింగు, మిడ్‌వైఫరీ కౌన్సిలు పరీక్షను రెండు భాగములుగా పెట్టియున్నది. మొదటిది కంప్యూటరుపై ఇచ్చటనే వ్రాయునది. మందుల మోతాదు లెక్కలును అందులో నుండును. రెండవది ఓస్కీ. అది ఆ దేశమునకు పోయిన తరువాత రోగి సేవను చేసి చూపు పరీక్ష. వీనికి తోడు ఐ.ఈ.ఎల్.టీ.ఎస్. గాని ఓ.ఈ.టీ. గాని ఇంగ్లీషు పరీక్ష కావలెను. ఐ.ఈ.ఎల్.టీ.ఎస్.లో వ్రాతకు 6.5, తక్కిన మూడింటికి 7 చొప్పున రావలెను. తెలుగు బడిలో చదివిన పిల్లకు నర్సింగు ప్రశ్నలకంటె ఇదియే కష్టము. బ్రిటనులో విదేశీ నర్సుల నియామకములు 2024 తరువాత చాల తగ్గినవని కూడ తెలిసికొనవలెను.

అమెరికా పరీక్ష పేరు ఎన్‌క్లెక్స్. 2023 ఏప్రిల్‌నుండి అది క్రొత్త రూపమున జరుగుచున్నది: 85 మొదలు 150 వరకు ప్రశ్నలు, అయిదు గంటల కాలము. హైదరాబాదులో వ్రాయవచ్చును. తప్పినవారు 45 దినములాగి తిరిగి వ్రాయవచ్చును. రుసుము 200 డాలర్లు, విదేశమున వ్రాసినందుకు మరి 150 డాలర్లు. పత్రముల పరిశీలనకు, రాష్ట్ర బోర్డుకు వేరుగా చెల్లింపవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని పరీక్ష నెగ్గిన మాత్రమున వీసా రాదు. భారతదేశమున పుట్టినవారికి ఆ వీసా వరుస పది సంవత్సరములకు మించి సాగియున్నది. "ఎన్‌క్లెక్స్ కాగానే అమెరికా" యని చెప్పువాడు ఈ వరుస మాట చెప్పడు. అతని మాట నమ్మి మామిడితోట తాకట్టు పెట్టినవారు వడ్డీ నెన్నియేండ్లు కట్టవలసివచ్చునో తామే లెక్కించుకొందురు గాక.

జర్మనీలో పరీక్షకంటె భాష ముఖ్యము. జర్మను భాషలో బీ-2 అను మెట్టు నెక్కవలెను. దానికి సాధారణముగా ఏడాదికి తక్కువ పట్టదు. మన రాష్ట్ర ప్రభుత్వపు సంస్థయైన టామ్‌కామ్ నర్సులకు ఈ భాష నేర్పించి పంపు ఏర్పాట్లు చేయుచున్నది. ఊరి ఏజెంటును నమ్ముటకు ముందు ఆ సంస్థను విచారింపుడని మా సలహా.

ఇక డబ్బు. పరీక్ష రుసుములన్నియు ఆయా సంస్థలకే నేరుగా, అభ్యర్థిని పేరిట చెల్లింపదగినవి. రసీదు ఆమె పేరనే వచ్చును. విదేశమునకు పంపు లైసెన్సుగల ఏజెంటు తన సేవకుగాను 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసికొనవచ్చునని 2017లో సవరింపబడిన వలస నియమములు చెప్పుచున్నవి. ఈ పరిమితి ఎట్లు మీరబడునో 2015లో కొచ్చిలో బయటపడిన కువైటు నర్సుల వ్యవహారము చూపినది. ఆనాటి నియమము 19,500 రూపాయలు కాగా, ఒక్కొక్క నర్సువద్ద 19 లక్షల 50 వేలు వసూలు చేసిరని సీ.బీ.ఐ. కేసు పెట్టినది. వలసదారులను కాపాడవలసిన అధికారియు అందు నిందితుడయ్యెను. ఆ యేడే కేంద్రప్రభుత్వము గల్ఫు దేశములతో గూడిన 18 దేశములకు పోవు నర్సులందరును, పాస్‌పోర్టు ఏ తరగతిదైనను, ఈ-మైగ్రేట్ ద్వారా వలస అనుమతి పొందితీరవలెనని విధించినది. కాబట్టి సందర్శకుల వీసాపై పంపి అచ్చట ఉద్యోగమిప్పింతుమనువాడు ఆ పిల్లను చట్టము వెలుపలికి నెట్టుచున్నాడని గ్రహింపవలెను.

ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్‌లో ఎవరైనను చూడవచ్చును. పేరు, నంబరు, ఊరు మూడును కలియవలెను. లైసెన్సు గడువు తీరియుండరాదు. చదువుకొన్న బిడ్డ యింటనే యున్నది గనుక ఈ పని ఆమెకే అప్పగింపుడు.