ఆటా, చదువూ రెండూ సాగే కళాశాల ఏది?

సేదరపేట్ (పుదుచ్చేరి): ఈ పారిశ్రామికవాడలో ప్లస్ టూ ముగించిన క్రీడాకారునికి కళాశాల ఎంపిక కత్తిమీద సామే. సెంటాక్ ప్రవేశాలలో క్రీడా కోటా ఉన్నది. అయితే సీటు లభించుట వేరు, పోటీలకు వెళ్లిన దినములకు హాజరు లభించుట వేరు. సాధారణంగా 75 శాతం హాజరు లేనిదే పరీక్షకు అనుమతించరు. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో టోక్యోలో కాంస్యం సాధించిన పి.వి. సింధు హైదరాబాద్‌లోని సెయింట్ ఆన్స్ మహిళా కళాశాల పూర్వ విద్యార్థిని. అమెరికాలో చిన్న కళాశాలలు అధికంగా గల మూడవ డివిజన్‌లో క్రీడా ఉపకార వేతనాలే లేవు. ఇక్కడి కళాశాలల కరపత్రాలలో కప్పుల ఫొటోలకు కొదువ ఉండదు. హాజరు మినహాయింపు, తప్పిపోయిన పరీక్షను తిరిగి వ్రాసే వీలు మాత్రం రుసుము చెల్లించకముందే ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకొనవలసినవి.