వార్తల్లో పదం: బ్రేకౌట్

షేరు లేదా సరుకు ధర చాలాకాలంగా దాటలేకపోతున్న స్థాయిని దాటి నిలబడటమే బ్రేకౌట్. బంగారం కొత్త రికార్డు కొట్టినప్పుడల్లా వ్యాపార వార్తల్లో ఈ మాట వినిపిస్తోంది.

అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం 2020, 2022, 2023ల్లో 2,070 డాలర్ల దరిదాపులకు వచ్చి వెనుదిరిగింది. ఇలా అడ్డుపడే స్థాయిని రెసిస్టెన్స్ అంటారు. 2023 డిసెంబరు 4న 2,130 డాలర్లు దాటినా, అదే రోజు కిందికి జారింది. అది ఫాల్స్ బ్రేకౌట్. 2024 మార్చిలో దాటి నిలబడింది. ఫాల్స్ బ్రేకౌట్‌లో చిక్కకుండా ట్రేడర్లు ముగింపు ధరతో పాటు లావాదేవీలు ఎంత పెరిగాయో కూడా చూస్తారు.

బ్రేకౌట్ విఫలమైతే షేరు అమ్మేయాలని ముందే పెట్టుకునే ధర స్టాప్‌లాస్; నష్టానికి అదే హద్దు. లక్ష రూపాయల పెట్టుబడిలో ఒక శాతం, అంటే రూ.1,000కి మించి పోకూడదనుకుంటే, రూ.500కి కొన్న షేరుకు రూ.490 దగ్గర స్టాప్‌లాస్ పెట్టి, 100 షేర్లతో ఆగాలి. ధర ఒక్కసారిగా పడితే అంతకన్నా తక్కువకే అమ్ముడుపోవచ్చు.

మార్కాపురం దగ్గరి పెద్దారవీడులో ఉన్నా, ఫోనుంటే ట్రేడింగ్ చేయొచ్చు. కానీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు.