పెరటి కొలనులో ఏ మొక్కలు?

పెరట్లో చిన్న కొలను కట్టించుకున్నామనీ, అందులో ఏ మొక్కలు వేయవలెననీ ఈ మధ్య పలువురు గృహస్థులు నన్ను అడుగుతున్నారు. ఏ మొక్క అనేదానికన్న ఎంతమేర అనేది ముఖ్యమని నా అభిప్రాయము.

సుశ్రుత సంహిత సూత్రస్థానం 45వ అధ్యాయంలో చెడిన నీటి లక్షణములు చెప్పబడినవి. బురద, నాచు, గడ్డి వంటివాటితో కప్పబడి, సూర్యచంద్రుల కిరణములూ గాలీ సోకని నీరు దూషితమట. ఆ కప్పేవాటిలో తామరాకు కూడ ఉన్నది! గురువుగారి వద్ద ఆ అధ్యాయము వల్లించేనాడు నాకిది వింతగా తోచినది. పాతికేళ్ళ క్రితం గాని అర్థము కాలేదు. ఊదారంగు పూలకు ముచ్చటపడి మా కొలనులో నాలుగు గుర్రపుడెక్క మొక్కలు వేశాను. ఒక్క వర్షాకాలంలోనే నీరు కనబడకుండా కమ్ముకున్నవి. ఒకనాటి తెల్లవారుజామున చూతునుగదా, చేపలన్నీ చచ్చి తేలి ఉన్నవి. ఆ దట్టమైన కప్పు కింద నీటికి గాలి అందదు. అడుగున కుళ్ళే ఆకులు ఉన్న ప్రాణవాయువును కూడ హరిస్తాయి.

కనుక నీటిపై సగము ఆకులకు, సగము ఆకాశానికి వదలండి. మొత్తం తెరిచి ఉంచినా ఎండకు పాచి పెరిగి నీరు పచ్చబడుతుంది.

చిన్న కొలనుకు తామరకన్న కలువ మేలు. తామర దుంప పాకిపోయి అంతా ఆక్రమిస్తుంది. కలువను బంకమట్టి నింపిన కుండలో నాటి, సుమారు అడుగున్నర లోతున ఉంచవలెను. పచ్చిపేడ వేయరాదు, ఆ సారము పాచికే దక్కుతుంది. గట్టు వెంట రెండు మూడు అంగుళాల నీటిలో వస పెరుగుతుంది. నీట మునిగి పెరిగే హైడ్రిల్లా కొద్దిగా ఉంటే పగటివేళ నీటికి ప్రాణవాయువు నిస్తుంది. అంతరతామర మాత్రం వద్దు. బోదకాలును వ్యాపింపజేసే మాన్సోనియా జాతి దోమపిల్లలు దాని వేళ్ళనంటుకొని పెరుగుతాయి. తక్కిన దోమపిల్లల సంగతి గప్పీ చేపలు చూసుకుంటాయి.

తడినేలలో సరస్వతి ఆకు, నీటిబ్రాహ్మి చక్కగా అల్లుకుంటాయి. రెంటినీ మనవారు బ్రాహ్మి అనే పిలుస్తారు గాని వేరువేరు మొక్కలు. గుండ్రని ఆకు గలది సరస్వతి ఆకు. చిన్న, దళసరి ఆకులది నీటిబ్రాహ్మి. ఇవి నీటిలోని సీసము, కాడ్మియం వంటి లోహములను పీల్చుకొని ఆకులలో నిలువ చేసుకోగలవు. వీధినీరు చేరే కొలనులో పెరిగిన ఆకును, తెలివి పెరుగుతుందని పిల్లలకు పచ్చడి చేసి పెట్టే తల్లులున్నారు. తినే ఆకును మంచినీటితో వేరే కుండీలో పెంచుకోండి.