కళింగపట్నం ఖనిజ ఇసుక - కృత్రిమ మేధకు కావలసిన పదార్థాలు

కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా గార మండలానికి చెందిన తీర గ్రామము. వంశధార నది ఇక్కడ బంగాళాఖాతంలో కలుస్తున్నది. ఈ ప్రాంతపు తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ అనే బరువైన ఖనిజాలు ఉన్నాయి. కృత్రిమ మేధ పనిచేసే కంప్యూటర్లకు అవసరమైన కొన్ని మూలకాలు ఇటువంటి ఖనిజాల నుండే లభిస్తాయి. కనుక ఆ కంప్యూటర్లకు ఏ పదార్థాలను ఎంచుకోవాలి అన్న ప్రశ్న ఈ తీరానికీ సంబంధించినదే.

ఏర్పడిన విధము

తూర్పు కనుమలలోని ఖోండలైట్, చార్నకైట్ వంటి శిలలు శిథిలమై, వాటి రేణువులు నదుల ద్వారా సముద్రాన్ని చేరుతాయి. అలలు తేలికైన రేణువులను వెనుకకు లాగివేయగా, బరువైనవి ఒడ్డున నల్లని పొరలుగా మిగులుతాయి.

ఉపయోగాలు

* మోనజైట్: ఇది అరుదైన మృత్తిక లోహాల ఫాస్ఫేటు. దీని నుండి లభించే నియోడైమియంతో చేసిన అయస్కాంతాలను హార్డ్ డిస్కులలో వాడతారు. సీరియం ఆక్సైడును సిలికాన్ పలకలకు మెరుగుపెట్టడానికి వాడతారు.
* జిర్కాన్: ఇందులో జిర్కోనియంతో పాటు కొద్దిగా హాఫ్నియం ఉంటుంది. 2007 నుండి హాఫ్నియం ఆక్సైడు ట్రాన్సిస్టర్లలో విద్యుత్ నిరోధక పొరగా వాడుకలోకి వచ్చినది. అణు రియాక్టర్లకు జిర్కోనియం తయారుచేసేటప్పుడు హాఫ్నియంను తప్పక వేరుచేయవలసి ఉంటుంది. హైదరాబాదులోని అణు ఇంధన సంస్థలో ఈ పని జరుగుతున్నది.

నిల్వలు, చట్టము

భారత ప్రభుత్వం 2025లో తెలిపిన ప్రకారం దేశంలో సుమారు 1.315 కోట్ల టన్నుల మోనజైట్ నిల్వలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఈ నిల్వలున్న ముఖ్య రాష్ట్రాలలో ఒకటి. మోనజైట్‌లో రేడియోధార్మికత గల థోరియం ఉండుట వలన దీనిని అణు ఖనిజంగా పరిగణిస్తారు. 2019లో నిబంధనలను సవరించి, మోనజైట్ కలిగిన తీర ఇసుక తవ్వకాలను ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు. 2023 మే నెలలో విశాఖపట్నం వద్ద ఐ.ఆర్.ఇ.ఎల్. సంస్థకు చెందిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం జాతికి అంకితమైనది.

ఎంపికలో చూడవలసినవి

పదార్థం దేశంలోనే దొరికినంత మాత్రాన అది సుస్థిరమైనది కాదు. ఇసుక దిబ్బలు తుఫాను అలల నుండి మత్స్యకార గ్రామాలను కాపాడతాయి. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. దిబ్బలను తవ్వితే ఈ రెండింటికీ నష్టమే. థోరియం గల అవశేషాలను జాగ్రత్తగా భద్రపరచవలసి ఉంటుంది.

కావున మొదట అవసరాన్ని తగ్గించుట, పిదప పాతవాటి నుండి తిరిగి తీయుట, చివరకు కొత్తగా తవ్వుట అన్న క్రమము మేలైనది. ఫెర్రైట్ అయస్కాంతాలకు అరుదైన మృత్తికలు అవసరం లేదు. అయితే వాటి బలం తక్కువ కనుక పరికరం పెద్దదవుతుంది. అయస్కాంతం అవసరమే లేని సాలిడ్ స్టేట్ డ్రైవులు మరొక మార్గము, కానీ వాటికి చిప్పులు అధికంగా కావాలి. ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. అరుదైన మృత్తికల గిరాకీలో 1 శాతం కూడా వాటి పునర్వినియోగం ద్వారా తీరడం లేదు.